వేడి సంగతి తర్వాత, ముందు నోట్లో లైటు వేసి చూడండి

నోరు మండుతోందని ఎవరన్నా మన విశాఖలో ఒక్కటే జవాబు: "ఏటీ లేదమ్మా, వేడి చేసింది. మజ్జిగ తాగు, బీకాంప్లెక్స్ వేసుకో." మెడికల్ షాపులోనూ అదే, పక్కింట్లోనూ అదే. నోరు తెరవమని అడిగేవాళ్లే లేరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

గాజువాకలో ఉండే మా పెద్దమ్మకి ఉబ్బసం, షుగరు రెండూ ఉన్నాయి. కారం తగిలితే కళ్లనీళ్లు పెట్టుకునేది. చివరికి అన్నం మానేసి గంజితో సరిపెట్టుకుంది. ఫోను లైటు వేసి చూస్తే అంగిట్లో, బుగ్గల లోపల విరిగిన పాలలా తెల్లటి పొరలు. డాక్టరుగారు గాజుగుడ్డతో తుడిస్తే లేచొచ్చాయి, కింద ఎర్రగా పచ్చిపుండు. కాండిడా అనే ఫంగస్ అది. చాలామంది నోళ్లలో మామూలుగానే ఉంటుంది. షుగరు అదుపు తప్పినా, యాంటీబయాటిక్స్ వాడినా, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మందు నోట్లో నిలిచినా చెలరేగుతుంది. ఇన్‌హేలర్ పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలని ఆవిడకి ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు! మందు రాసేవాళ్లకీ అమ్మేవాళ్లకీ ఆ ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అలాగని ఇన్‌హేలర్ మానేయకండి, ప్రాణం మీదికొస్తుంది.

అన్నిసార్లూ తెల్లగానే ఉండదు. కట్టుడు పళ్లు రాత్రిళ్లు కూడా తీయనివాళ్లకి సెట్టు కింద అంగిలి ఎర్రబడుతుంది, నొప్పి తెలియకపోవచ్చు. పెదాల మూలలు పగిలి మానకపోయినా ఫంగస్ కావచ్చు.

చాలామందికి డాక్టరు రాసే క్లోట్రిమజోల్ పూతమందుతో తగ్గిపోతుంది. ఫంగస్‌కి వాడే ఫ్లూకొనజోల్ మాత్రలు మాత్రం సొంతంగా కొనకండి. కొన్ని షుగరు మాత్రలతో కలిస్తే షుగరు పడిపోతుంది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకి రక్తస్రావం కావచ్చు. ముద్ద మింగుతుంటే గుండెల దగ్గర నొప్పి పుడితే ఫంగస్ అన్నవాహికలోకి దిగిందేమో చూపించుకోవాలి.

2021లో కరోనా సమయంలో బ్లాక్ ఫంగస్ చూశాం కదా, అది వేరే ఫంగస్. షుగరున్నవాళ్లకి ముఖం వాచి, పైపళ్లు కదిలి, అంగిలి నల్లబడితే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇంకో సంగతి. తుడిచినా రాని తెల్లమచ్చని నోటిపూత అనుకుని వదిలేయకండి. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. ఆ సెగకి అంగిలి తెల్లబారుతుంది, కొందరికి అది క్యాన్సరుకి దారితీస్తుంది. వాళ్ల నోట్లో మచ్చగానీ పుండుగానీ రెండు వారాలు దాటినా మానకపోతే, బతిమాలైనా సరే విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లి చూపించండి.