ప్రచారం చాలు, పళ్లు పంచండి

రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1990లోనే చెప్పారు. 2003లో ఆహార వ్యవసాయ సంస్థతో కలిసి వెలువరించిన నివేదికలోనూ అదే మాట ఉంది. ఒక సర్వింగ్, అంటే ఒకసారి తినే వంతు, 80 గ్రాములు అనుకుంటే రోజుకు ఐదు. ఆ ఐదును పట్టుకుని దేశదేశాల్లో ప్రచారాలు నడిచాయి. కాలిఫోర్నియాలో 1988లో మొదలైనది 1991కి అమెరికా అంతటికీ పాకింది. న్యూజిలాండ్ 1994లో, బ్రిటన్ 2003లో అందుకున్నాయి. 2021ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ పండ్లు, కూరగాయల సంవత్సరంగా జరిపింది. ఇంత జరిగాక ఫలితం చూడండి. అమెరికాలో 2019 లెక్కల ప్రకారం పెద్దవాళ్లలో సరిపడా కూరగాయలు తింటున్నది పదిమందిలో ఒక్కరే. పండ్లు సరిపడా తినేవాళ్లు దాదాపు 12 శాతం.

చెప్పిన తీరులో కొంత లోపం ఉంది. అంతకంటే పెద్ద లోపం, చెప్పి ఊరుకోవడం.

ముందు అంకె సంగతి. దేశం మారితే దాని అర్థమే మారిపోతుంది. బ్రిటన్‌లో ఐదు అంటే పండ్లూ కూరగాయలూ కలిపి 400 గ్రాములు. ఆస్ట్రేలియాలో పండ్లు రెండు, కూరగాయలు ఐదు అంటారు. అక్కడ పండు సర్వింగ్ 150 గ్రాములు, కూరగాయ సర్వింగ్ 75 గ్రాములు కాబట్టి మొత్తం 675 అవుతుంది. డెన్మార్క్ రోజుకు ఆరు అని 600 గ్రాములు పెట్టింది. జపాన్ అయితే ఒక్క కూరగాయలకే 350 గ్రాముల లక్ష్యం పెట్టుకుంది. అమెరికా 2020–25 మార్గదర్శకాలు కప్పులతో కొలిచాయి: రోజుకు 2000 కేలరీలు తినేవారికి రెండు కప్పుల పండ్లు, రెండున్నర కప్పుల కూరగాయలు. ఒక దేశంలో చదివి, ఇంకో దేశంలో ఉద్యోగం చేస్తూ, మూడో దేశంలో పిల్లల్ని పెంచే కుటుంబాలకు ఏ ఐదు పట్టుకోవాలో తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. సర్వింగులు వదిలేసి గ్రాములు పట్టుకుంటే చిక్కు ఉండదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకూ గ్రాముల్లోనే చెప్పింది: రెండు నుంచి ఐదేళ్ల వారికి 250, ఆరు నుంచి తొమ్మిదేళ్ల వారికి 350, పదేళ్లు దాటిన అందరికీ 400.

ఆ 400లో బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం కలవవు. అవి అన్నం, రొట్టెల వరసలోవి. ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. నలుగురికి వండిన కూరలో సగం బంగాళాదుంపే ఉంటే, కంచం నిండుగా కనిపించినా మనిషికి దక్కిన కూరగాయలు అందులో సగమే. బ్రిటన్ నియమాల ప్రకారం పండ్ల రసం ఎంత తాగినా ఒక్క సర్వింగే, అదీ 150 మిల్లీలీటర్ల వరకే. పండును పిండితే పీచు చాలావరకు పిప్పిలో పోతుంది. నాలుగు పండ్ల చక్కెర నమిలే పని లేకుండా నిమిషంలో గొంతు దిగుతుంది. చిక్కుళ్లు, పప్పుగింజలు కూడా రోజు మొత్తానికి ఒక్కసారే లెక్క. ఎండు పండ్లయితే ఒక సర్వింగుకు 30 గ్రాములు చాలు. ఫ్రీజర్‌లో ఉంచిన బఠాణీ, పాలకూర పూర్తిగా లెక్కకొస్తాయి. వాటిని తక్కువగా చూడడం తగదు. కోసిన కొద్ది గంటల్లోనే గడ్డకట్టిస్తారు కాబట్టి, వారం రోజులు ఫ్రిజ్‌లో వాడిపోయిన తాజా కూరకంటే వాటిలో విటమిన్ సి ఎక్కువ మిగిలే సందర్భాలు ఉంటాయి.

ఒక్క వారం వంటింట్లో తూకం యంత్రం పెట్టి చూడండి, కన్ను దానంతటదే అలవాటు పడుతుంది. ఏడు చెర్రీ టమాటాలు, అయిదు సెంటీమీటర్ల కీరా ముక్క, ఉడికిన క్యారెట్ లేదా బఠాణీ మూడు నిండు టేబుల్ స్పూన్లు, ఇవన్నీ ఒక్కొక్కటి దాదాపు 80 గ్రాములు. తొక్క, గింజ, తొడిమె తీసేశాకే తూచాలి.

ఇక డబ్బు సంగతి. ఈ ప్రచారాలు నోరెత్తని చోటు ఇదే. 18 దేశాల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2016లో ప్రచురితమైంది. ఒక మనిషికి రోజుకు రెండు సర్వింగుల పండ్లు, మూడు సర్వింగుల కూరగాయలు కొనాలంటే పేద దేశాల్లో కుటుంబ ఆదాయంలో సుమారు 52 శాతం పోతుందని అందులో తేలింది. ధనిక దేశాల్లో అది రెండు శాతం లోపే. ఒక్కరి పండ్లు, కూరగాయలకే సగం ఆదాయం పోయే ఇంటికి వెళ్లి ‘ఆరోగ్యం కోసం తినండి’ అని కరపత్రం చేతికివ్వడం అన్యాయం. ధనిక దేశాల్లో సగటు తక్కువే అయినా, ఆ సగటు చాటున నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలని ఇళ్లు చాలా ఉన్నాయి.

ధర తగ్గిస్తే తింటారా? తింటారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం హాంప్డెన్ కౌంటీలో 2011, 2012 సంవత్సరాల్లో ఆ ప్రయోగం చేశారు. ఆహార సహాయం కార్డు వాడే కుటుంబాల్లోంచి 7,500 కుటుంబాలను లాటరీ పద్ధతిలో ఎంచుకున్నారు. వాళ్లు పండ్లు, కూరగాయల మీద ఖర్చు పెట్టే ప్రతి డాలరుకు 30 సెంట్లు తిరిగి కార్డులోనే వేశారు. ఆ రాయితీ లేని కుటుంబాలతో పోలిస్తే వీళ్లు ఆ పండ్లు, కూరగాయలు 26 శాతం ఎక్కువ తిన్నారు. ఉపన్యాసం అక్కర్లేకపోయింది.

బడుల అనుభవమూ ఇదే చెబుతుంది. నార్వేలో మొదట తల్లిదండ్రులు చందా కడితే బడిలో రోజుకో పండు ఇచ్చే పథకం ఉండేది. అది పెద్దగా ప్రభావం చూపలేదు. ఇంట్లో ఎలాగూ పండ్లు తినే పిల్లలే అందులో ఎక్కువగా చేరారు. 2007లో పైతరగతులున్న బడుల్లో అందరికీ ఉచితం చేశాక వాడకం పెరిగింది. 2014లో ఆ ఉచిత పథకాన్ని ఎత్తేశారు. చేతిలో ఫలితం కనిపిస్తున్న పనిని ఆపడం పెద్ద పొరపాటని మా అభిప్రాయం. ఇంగ్లండ్‌లో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు ప్రభుత్వ బడుల్లో రోజూ పండో కూరగాయో ఉచితంగా ఇస్తారు. పథకంలో ఉన్నంతకాలం పిల్లలు ఎక్కువ పండ్లు తిన్నారని, వయసు దాటి బయటికి రాగానే మళ్లీ తగ్గారని పరిశీలనల్లో తేలింది. పథకం దండగ అనడానికి కొందరు దీన్ని వాడుకుంటారు. మాకు అర్థమైంది వేరు: ఆరేళ్లకు ఆపకూడదు.

బడిలోనో సంఘం కార్యక్రమంలోనో పండ్లు పెట్టాలనుకునేవారికి కొన్ని లెక్కలు. వందమంది పిల్లలకు తలా 80 గ్రాములంటే తినే భాగం 8 కిలోలు కావాలి. యాపిల్‌లో పోయేది తక్కువ కాబట్టి 9 కిలోలు కొంటే సరిపోతుంది. నారింజకు 11, అరటికి పన్నెండున్నర కిలోలు పడతాయి. పుచ్చకాయలో దాదాపు సగం తొక్కే కనుక 15 నుంచి 16 కిలోలు. యాపిల్ నిండుగా ఇస్తే చిన్న పిల్లలు రెండు కొరుకులు కొరికి పారేస్తారు. పళ్లూడిన వయసు, నోటికి పట్టని సైజు, ఆటకు పరుగెత్తే తొందర, అన్నీ అడ్డమే. ముక్కలు కోసి పెట్టండి. ముక్కలు నల్లబడకుండా లీటరు నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం కలిపి నాలుగైదు నిమిషాలు ముంచి, వడకట్టి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. పుచ్చ, కర్బూజాలను కోయకముందే తొక్క మీద రుద్ది కడగాలి, లేకపోతే పైనున్న క్రిములను కత్తే లోపలికి తీసుకెళ్తుంది. కోసిన ముక్కలను రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలకు ద్రాక్షను నిలువునా నాలుగు చీలికలు చేసే ఇవ్వాలి, నిండు ద్రాక్ష గొంతులో అడ్డం పడుతుంది. పండిన అరటి, యాపిల్ పక్కన ఆకుకూరలు పెట్టవద్దు. ఆ పండ్ల నుంచి వచ్చే ఎథిలీన్ వాయువుకు ఆకులు త్వరగా పసుపెక్కుతాయి.

కొత్త కూరగాయను పిల్లలు మొదటిసారి తోసేస్తే అది వాళ్ల తీర్పు అనుకోకండి. పదిసార్లకు పైగా రుచి చూశాక గానీ చాలామందికి నచ్చదు. ప్రతిసారీ చిన్న ముక్క చాలు, బలవంతం వద్దు. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవారికి మాత్రం ఈ 400 లెక్క వర్తించదు, వాళ్ల డాక్టరు మాటే వినాలి.

చివరగా, ఎన్ని పళ్లు పంచామో రాసుకుని సంబరపడిపోకండి. కార్యక్రమం అయ్యాక తొక్కలు, గింజలు వేరుచేసి, తినకుండా పారేసిన ముక్కల్ని తూచండి. 8 కిలోలు పెడితే రెండున్నర కిలోలు బుట్టలో తేలాయనుకోండి, పిల్లలు తిన్నది తలా 55 గ్రాములే. మరుసటి వారం ముక్క సైజు తగ్గించి, భోజనం తర్వాత పెట్టినదాన్ని ఆటకు ముందుకు జరిపి, మళ్లీ తూచండి.