ఆడేవాళ్లతో చదరంగానికి ముప్పు

చదరంగానికి ఆడేవాళ్ల వల్ల జరిగినంత నష్టం మరెవరి వల్లా జరగలేదు. వాళ్లు పక్కన గడియారం పెట్టుకుని, టెన్షన్‌తో చెమటలు కక్కుతూ, తోచిన ఎత్తు వేసి లేచిపోతారు. అందులో తప్పెంతో ఒప్పెంతో తేల్చే భారం తర్వాతి తరాల మీద పడుతుంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక చాయ్ హోటల్లోని మూల బల్ల ఆ భారాన్ని ఏళ్ల తరబడి మోస్తోంది. ప్రభుత్వం నుంచి పైసా సాయం లేదు. వన్ బై టూ చాయ్ మీద ఇంత సేవ చేసే సంస్థ రాష్ట్రంలో ఇంకోటి ఉందనుకోను.

ప్రస్తుతం బల్ల ముందున్నది 1851 నాటి కేసు. లండన్ టోర్నమెంటుకు వచ్చిన అడాల్ఫ్ ఆండర్సన్, ఖాళీ దొరికినప్పుడు కీసెరిట్స్కీతో సరదాగా ఒక ఆట ఆడాడు. ఒక ఒంటెను, రెండు ఏనుగులను, చివరికి మంత్రిని కూడా ఇచ్చేశాడు. మిగిలిన రెండు గుర్రాలు, ఒక ఒంటెతో 23వ ఎత్తులో ఆట కట్టించాడు. అప్పటికి ఎదుటివాడికి పోయినవి మూడంటే మూడు బంటులు. లోకం దాన్ని అమరమైన ఆట అని పొగిడి చేతులు దులుపుకుంది. మన బల్ల అంత తేలిగ్గా వదిలే రకం కాదు.

18వ ఎత్తులో ఆండర్సన్ ఒంటెను డి6 గడిలోకి తెచ్చి, రెండు ఏనుగులూ పోతే పోనీ అన్నాడు. బల్లకు పెద్దదిక్కయిన రిటైర్డ్ లెక్కల సారు ఫోన్లో ఇంజిన్ (మేలైన ఎత్తేదో లెక్కగట్టి చెప్పే చదరంగం ప్రోగ్రాం) పెట్టి చూసి కళ్లద్దాలు సవరించుకున్నారు. "ఏనుగును ఈ1కు జరిపితే అయిపోవు. గింత ఖర్చెందుకు పెట్టిండు?" అన్నారు. ఆండర్సన్ కూడా బ్రెస్లావ్‌లో లెక్కల సారే కాబట్టి ఈయనకు బాధ మరీ ఎక్కువ. జవాబు కరెక్టే, స్టెప్పులు బాగా లేవని పదికి ఆరు వేశారు. రీవాల్యుయేషన్ పెట్టుకుందామన్నా ఆండర్సన్ 1879లోనే పోయాడు.

కీసెరిట్స్కీ తరఫున మిర్యాలగూడ మిల్లులో పద్దులు రాసిన పెద్దాయన వాదిస్తున్నారు. ఆ క్షణంలో జి1 మీది ఏనుగును తినడమే కొంప ముంచిందని ఇంజిన్ అంటుంది. "పుణ్యానికొచ్చిన ఏనుగును ఎవలన్న ఇడుస్తరా సార్?" అని ఆయన ప్రశ్న. దీనికి ఇంజిన్ దగ్గర కూడా జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఫోన్ చార్జింగ్ మూడు శాతానికి పడిపోగానే ఆండర్సన్ మళ్లీ మహానుభావుడవుతాడు.

1858లో పారిస్ ఒపెరా హౌస్‌లో ఒక డ్యూక్, ఒక కౌంట్ కూడబలుక్కుని పాల్ మార్ఫీ మీద ఆడి 17 ఎత్తుల్లో ఓడారు. ఇది చూపించి చర్చలంటేనే దండగ అనేవాళ్లున్నారు. బల్ల తీర్పు వేరు: ఇద్దరే ఉండటం వల్ల ఓడారు. ఇక్కడ ఆరుగురు చర్చిస్తారు, ఇంతవరకు ఒక్క ఆటా ఓడలేదు. ఎత్తు వేసే దాకా చర్చ వస్తే కదా.

ఇక 1956లో డొనాల్డ్ బైర్న్ మీద 13 ఏళ్ల బాబీ ఫిషర్ మంత్రిని గాలికి వదిలేసి ఒంటెను ఈ6కు తెచ్చాడు. పిల్లగాడి అదృష్టం కొద్దీ అది న్యూయార్క్. ఇక్కడైతే వెనక నుంచి చెయ్యి పట్టుకునేవాళ్లం. "ఏందిరా, మంత్రి పోతది కనబడ్తలేదా? నీ ఎంబడి పెద్దోళ్లెవరన్న వచ్చిండ్రా?" అని అడిగి, బుద్ధిగా మంత్రిని వెనక్కి జరిపించి, మర్యాదగా ఓడించి ఇంటికి పంపేవాళ్లం.

మొన్న ఒక ఇంటర్ పిల్లగాడు బల్ల దగ్గరికొచ్చి, "తాతా, ఒక్క ఆట ఆడుదమా?" అన్నాడు. సారు ఓపిగ్గా వివరించారు. "మేం ఆడితే నిష్పక్షపాతం పోతది బిడ్డా." న్యాయమే. దొంగతనం కేసు వినే జడ్జి ముందుగా ఒక ఇంటికి కన్నం వేసి చూడాలా? పైగా బల్ల మీది బోర్డులో నల్ల గుర్రం ఒకటి ఎప్పుడో పోయింది, దాని గడిలో సోడా మూత ఉంది. విశ్లేషణకు సోడా మూత చాలు.

వీళ్లకు చదరంగం ఒక్కటే తెలుసనుకోకండి. 2022 మునుగోడు ఉప ఎన్నికలో ఎవరు ఏ ఎత్తు దగ్గర దెబ్బతిన్నారో ఫలితం వచ్చిన మర్నాడే వరసగా చెప్పారు. ముందురోజు అడిగితే మాత్రం చాయ్ చల్లారిపోతోందన్నారు.

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్‌ల 14వ ఆట డ్రా అని తేల్చేసి బల్ల లేచింది. ఆ వెనకే డింగ్ 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2కు జరిపి ఆట పోగొట్టుకున్నాడు, 18 ఏళ్ల గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మనం ఇంకో పది నిమిషాలు కూర్చుంటే డింగ్ ఆ తప్పు చేసేవాడే కాదని బల్ల ఏకగ్రీవంగా తీర్మానించింది.

కాబట్టి జిల్లా అధికారులకు మనవి. పిల్లలకు బోర్డులు, కోచింగులు అంటూ డబ్బు పారబోయకండి. ఆ పిల్లలు రేపు ఆడతారు, మళ్లీ తప్పులు చేస్తారు, అవన్నీ మా నెత్తినే పడతాయి. దానికి బదులు మూల బల్ల దగ్గర ఒక చార్జింగ్ ప్లగ్గు పెట్టించండి. ఉన్నదాన్ని హోటలాయన పోయిన నెల పీకించాడు. కీసెరిట్స్కీ తరఫు వాదన ఇంకా సగం కూడా కాలేదు.