రూటరు అలకపాన్పు

1984లో నా పెళ్లిలో నేను అలకపాన్పు ఎక్కితే, స్కూటరు బుక్ చేయిస్తానని మాటిచ్చి మా మామగారు నన్ను దింపారు. ఆ రోజుల్లో బుక్ చేసిన స్కూటరు చేతికి రావడానికి ఏళ్లు పట్టేది కాబట్టి ఆయనకూ తొందరేం లేకపోయింది. నాది ఒక్కరోజు అలక. మా ఇంట్లో రూటరు రోజుకు నాలుగుసార్లు అలుగుతోంది. ఏమిస్తే దిగుతుందో చెప్పదు.

అలిగే వేళ మాత్రం తప్పదు. మావాడు ఇంటినుంచే ఉద్యోగం చేస్తాడు. పొద్దున తొమ్మిదిన్నర మీటింగులో వాడి వంతు రాగానే నెట్ పోతుంది. "నాన్నా, మళ్లీ పోయింది" అన్న కేకే మాకు సుప్రభాతం.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒకటే మంత్రం: ఆపండి, ముప్పై సెకన్లు ఆగండి, మళ్లీ వేయండి. వేస్తే వస్తుంది. థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేదాకా ఉంటుంది. మీ ఫిర్యాదు పరిష్కరించామని మెసేజ్ కూడా వచ్చింది. మొబైల్ డేటా మీద చదువుకుని సంతోషించాం.

మా ఆవిడ అనుమానం పక్క ఫ్లాటు మీద. పాస్‌వర్డ్ మూడుసార్లు మార్పించింది. మూడోది మాకే గుర్తులేక, ఒక పూటంతా పక్క ఫ్లాటువాళ్ల నెట్ అడిగి వాడుకున్నాం. పాపం, మంచివాళ్లే.

చివరికి నెట్ అబ్బాయి వచ్చాడు. లైను తెగితే ఎర్రగా వెలిగే ఎల్ఓఎస్ లైటు వెలగలేదు, లైను బాగానే ఉందన్నాడు. "అయినా దీన్ని వంటింట్లో ఎందుకు పెట్టారంకుల్?"

పిల్లవాడికి శాస్త్రం తెలియదు. కరెంటుతో నడిచేది అగ్ని. అగ్ని స్థానం ఆగ్నేయం. ఆగ్నేయంలో ఉన్నది వంటిల్లు. ఇది మా బావమరిది లెక్క, తిరుగులేదు. అందుకని రూటరు అలమరలో కూర్చుంది: ఎడమన మైక్రోవేవ్, కుడిన ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, వెనక ఫ్రిజ్. పద్మవ్యూహంలో అభిమన్యుడికైనా కాస్త గాలి ఆడి ఉంటుంది.

రూటరు తరంగాలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయట. మైక్రోవేవ్‌వి 2.45. ఆ పెట్టెలోంచి రవ్వంత లీకవుతుంది. మనిషికి హాని లేదు, రూటరు అలగడానికి మాత్రం చాలు. మిగిలిన రూటరు సిగ్నల్‌ను నీళ్లు తాగేస్తాయి, ఫ్రిజ్ రేకు వెనక్కి కొడుతుంది. ఇదంతా చెప్పిన అబ్బాయి, తొమ్మిదిన్నరకు ఉప్మా వేడిచేసుకునేది ఎవరని అడగలేదు. మావాడు నావైపు చూశాడు.

5 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే మైక్రోవేవ్‌తో పేచీ ఉండదట గానీ, దానికి గోడలు దాటే ఓపిక తక్కువ. కాబట్టి రూటరును హాల్లో, ఎత్తులో, నలుగురికీ కనిపించేలా కూర్చోబెట్టాలి. అల్లుడి మర్యాదే కదా, నాకు అభ్యంతరం లేదు. బావమరిదికి ఉంది. హాలు వాయవ్యం. నిప్పు వాయవ్యంలో ఉండకూడదు. "సిగ్నల్ వెళ్లేది గాల్లోనే కదా మావయ్యా, వాయవ్యమే దాని సొంతిల్లు" అని మావాడు వాదించాడు. పాయింటు బలంగానే ఉందని ఒప్పుకుని, గ్రంథాలు తిరగేయడానికి ఆయన వారం గడువు అడిగాడు.

అందాకా రూటరు ఆగ్నేయంలోనే ఉంటుంది. ఈ వ్యాసం పంపుదామని నొక్కాను, చక్రం తిరుగుతోంది. వంటింట్లో మా ఆవిడ పాలు వేడిచేస్తోంది. బీప్ వినిపించాక మళ్లీ నొక్కుతాను.