లంబసింగిలో కురిసేది హిమం కాదు

డిసెంబరు వస్తే చాలు, ఫోన్లలో ఒకే సందేశం తిరుగుతుంది. విశాఖ మన్యంలోని కొండ ఊరు లంబసింగిలో మంచు కురుస్తోందట, ఉష్ణోగ్రత మైనస్‌లోకి పోయిందట, ఇది ఆంధ్రా కశ్మీరట. చలికాలంలో ఎప్పుడెళ్లినా మంచేనట, ఎండాకాలంలోనూ ఊటీలా ఉంటుందట. తెల్లారి వైజాగ్‌లో బయల్దేరితే లంబసింగి, వంజంగి కొండ రెండూ చూసుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చట. కింద తెల్లటి కొండల ఫొటో ఒకటి. అది నమ్మి పిల్లాజెల్లాతో ఘాట్ ఎక్కినవాళ్లు పొద్దున పది గంటల ఎండలో నిలబడి "ఇంతేనా?" అనుకుంటూ దిగిపోతున్నారు. ఊరి తప్పు ఇందులో ఏమీ లేదు. సందేశంలో ఒక్కో మాటా తీసి చూద్దాం.

మొదటిది, "మంచు కురుస్తోంది". చిక్కంతా ఈ మాటలోనే ఉంది. తెలుగులో పొద్దున గడ్డి మీద మెరిసే నీటిబొట్టూ మంచే, దారి కనపడనివ్వని పొగా మంచే, గడ్డికొసన తెల్లగా పేరుకున్న పొడీ మంచే, హిమాలయాల్లో ఆకాశం నుంచి రాలేదీ మంచే. "మంచు పడుతోంది, తలకు గుడ్డ కట్టుకో" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటే ఎవరికీ హిమపాతం గుర్తుకు రాదు. అదే మాట ఇంగ్లీషులో స్నోఫాల్ అయి, కశ్మీరు ఫొటో తగిలించుకుని మళ్లీ తెలుగులోకి వచ్చింది.

లంబసింగిలో ఉండేవి ఆ నాలుగింటిలో మొదటి మూడే. నాలుగోది పడాలంటే మేఘం నుంచి నేల దాకా గాలి సున్నా డిగ్రీల దరిదాపుల్లోనో, అంతకన్నా కిందో ఉండాలి. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. మన ప్రాంతంలో జనవరిలో కూడా గాలి సున్నాకు దిగేది 4,000 మీటర్లు దాటాకే. పైగా ఇక్కడి చలి పుట్టేదే మేఘాలు లేని రాత్రి. ఆకాశం తేటగా ఉండి గాలి ఆడకపోతే నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. నేలను తాకి చల్లబడిన గాలి బరువెక్కి, చుట్టూ ఉన్న కొండవాలుల మీంచి జారి పల్లంలో చేరుతుంది. మేఘం కమ్మిందా, నేలకు దుప్పటి కప్పినట్టే, చలి తగ్గిపోతుంది. హిమం రాల్చడానికి మేఘం కావాలి, గడ్డకట్టే చలికి మేఘం ఉండకూడదు. ఇక ఆ రెండూ ఇక్కడ ఒకే రాత్రి ఎలా కలుస్తాయి? ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. కొర్ర అంటే కొయ్య, ఆరుబయట పడుకుంటే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరు వచ్చిందంటారు. అది కూడా చలి గురించే.

ఫొటో నిజమో కాదో తేల్చుకోవడం తేలిక. తెలుపు చెట్లకొమ్మల మీదా ఇంటికప్పుల మీదా మందంగా పేరుకుని ఉంటే అది ఇక్కడిది కాదు. ఇక్కడ గడ్డకట్టే మంచు పల్లంలోని గడ్డి మీద, గడ్డివాము మీద, రాత్రంతా బయట నిలిపిన బండి సీటు మీద ఉప్పు చల్లినంత పలచగా కనిపిస్తుంది. వేలితో గీస్తే గరగరమని, అంతలోనే నీరవుతుంది. ఎండ తగిలాక నిలవదు. అదీ ఏటా కొన్ని పొద్దులే.

"మైనస్ డిగ్రీలు" అనే మాటకు మూలం కూడా ఆ తెల్లటి పొడే. గడ్డి మీద నీరు గడ్డకట్టింది కనుక ఉష్ణోగ్రత సున్నా కింద ఉందని అనుకుంటారు. వాతావరణ లెక్కల్లో ఉష్ణోగ్రత అంటే నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లపెట్టెలో కొలిచింది. తేటరాత్రి గడ్డి ఆ పెట్టెకన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండగలదు. పెట్టెలో 4 చూపిస్తున్నా గడ్డి మీద మంచు గడ్డకట్టేది అందుకే. పేపర్లలో వచ్చే అంకెలు ఎక్కువగా చెప్పేది చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం, అది సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఫోన్ యాప్‌లో కనిపించేది కొలిచిన అంకె కూడా కాదు, చుట్టుపక్కల ప్రాంతానికంతా కలిపి వేసిన అంచనా. ఆ యాప్ చూసి స్వెట్టర్ మానేయకండి. 4 డిగ్రీల చలిలో బైక్ మీద వెళ్తుంటే వేళ్లు మొద్దుబారి బ్రేకు పట్టు తప్పుతుంది. చేతి తొడుగులు లేకుండా ఘాట్ ఎక్కొద్దు.

"చలికాలంలో ఎప్పుడెళ్లినా మంచే" అన్నదీ తప్పే. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందంటే ఆ రోజులు వదిలేయండి. మబ్బూ ముసురూ తప్ప చలి ఉండదు. వాన వెలిసి, నేలలో తడి మిగిలి, ఆకాశం తేటపడి, గాలి నిలిచిన రెండు మూడు రోజులు పొగమంచుకు మంచి అదను. జనవరిలో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. అప్పటికే మీరు అక్కడ ఉండాలి. ఎండ ఎక్కేకొద్దీ పొగ విడిపోతుంది, తొమ్మిది దాటితే మిగిలేది అదృష్టమే.

అందుకే వైజాగ్ నుంచి ఒక్కరోజు లెక్క కుదరదు. దూరం 100 కిలోమీటర్ల పైమాటే. వేళకు చేరాలంటే రాత్రి రెండింటికి బయల్దేరాలి. నిద్రమత్తు, ఘాట్ మలుపులు, పొగమంచు మూడూ ఒక్కచోట కలుస్తాయి. ముందురోజు సాయంత్రానికే లంబసింగికి 30 కిలోమీటర్ల దూరంలోని నర్సీపట్నంలో గానీ, పైన చింతపల్లిలో గానీ దిగండి. ట్యాంకు నర్సీపట్నంలోనే నింపుకోండి, కొంత నగదు ఉంచుకోండి.

పొగలో హైబీమ్ వేస్తే కాంతి నీటితుంపరలకు తగిలి మీ కళ్లలోకే తిరిగొస్తుంది, ఎదుట తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు. లోబీమ్ వేసి, రోడ్డు ఎడమ అంచు పట్టుకుని నడపండి. అద్దం లోపల ఆవిరి పడితే చేత్తో తుడవకండి, ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పండి. దిగేటప్పుడు రెండో గేరులో రండి. బ్రేకు తొక్కిపట్టి దిగితే అది వేడెక్కి, కింది మలుపుల్లో పట్టదు. ఫొటో కోసం మలుపులో బండి ఆపడం అన్నిటికన్నా ప్రమాదం, వెనక వచ్చేవాడికి మీరు కనపడరు.

లంబసింగి, వంజంగి ఒకే పొద్దున? వంజంగి పాడేరు దగ్గర ఉంది. చింతపల్లి మీదుగా దాదాపు 60 కిలోమీటర్ల కొండదారి, ఆపైన కొండ నడిచి ఎక్కాలి. ఒక సూర్యోదయం రెండుచోట్ల దొరకదు. పైగా రెండు చోట్లా కనిపించేది వేర్వేరు. లంబసింగిలో మీరు పొగమంచు లోపల ఉంటారు, పది అడుగుల అవతలి మనిషి నీడలా కనిపిస్తాడు. వంజంగి కొండమీద మీరు దానికి పైన ఉంటారు, కింద లోయలన్నీ పాలసముద్రంలా నిండి ఉంటాయి. పైనుంచి చూడాలనుకుంటే లంబసింగికి దగ్గర్లోనే చెరువులవేనం వ్యూపాయింట్ ఉంది, ఆ పొద్దుటికి అది చాలు.

ఎండాకాలంలోనూ ఊటీలా ఉంటుందన్న మాటకు ఒక్క అంకె చాలు: ఊటీ ఎత్తు 2,200 మీటర్ల పైన. లంబసింగి అందులో సగం కూడా లేదు.

ఇక ఆఖరిది, చాలామంది సందేశం చివర చేర్చే సలహా: "టెంట్‌లో కుంపటి పెట్టుకుంటే చలే ఉండదు". ఇది మాత్రం ప్రాణం తీసే మాట. బొగ్గు రాజుకుంటూ వదిలే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు, దగ్గు కూడా రాదు. నిద్రలో ఉన్నవాళ్లకు తెలియకుండానే స్పృహ పోతుంది. జిప్ కొంచెం తెరిచి ఉంచామని ధీమా పడొద్దు. మూసిన గదిలోనైనా, కారులోనైనా ఇదే ముప్పు. చలికి మందు కిందనే ఉంది. మనిషి ఒంటివేడిని లాగేసేది పైగాలికన్నా చల్లటి నేలే ఎక్కువ, కాబట్టి టెంట్ అడుగున మందపాటి చాప, దానిమీద దుప్పటి పరచండి. పైన రెండు దుప్పట్లు, తలకు మంకీక్యాప్, కాళ్లకు పొడి సాక్సు. నెగడు బయటే వేసుకుని, పడుకునే ముందు నీళ్లు పోసి పూర్తిగా ఆర్పండి.