భజన గది కరెంటు బిల్లు కూడా ఆరోగ్య ఖర్చే

ఒడిశాలోని మా బరంపురంలో అమ్మవారి జాతర, అంటే ఠాకురాణి యాత్ర, వచ్చిన ఏడాది ఊరు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. రెండేళ్లకోసారి, దగ్గర దగ్గర నెల రోజులు, మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు, పులివేషాలు డప్పు దెబ్బకి వీధి వీధీ తిరుగుతాయి, అమ్మవారు దేశిబెహెరా వీధికి పుట్టింటికొచ్చినట్టు వస్తుంది, తెలుగు నేతపనివాళ్ల ఇళ్లలో ఆ నెలంతా ఎవరికీ నిద్ర ఉండదు. దీన్ని అందరూ భక్తి అంటారు, సందడి అంటారు. ఆరోగ్యం అని మాత్రం ఎవరూ అనరు. నేనంటాను.

2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం సంగతి చాలామంది వినే ఉంటారు. ఇంగ్లండ్‌లో 50 ఏళ్లు దాటిన 6,710 మందిని సుమారు 14 ఏళ్లు గమనించారు. నాటకానికో, కచేరీకో, మ్యూజియానికో కొన్ని నెలలకోసారైనా వెళ్లేవాళ్లలో మరణించే ముప్పు అసలు వెళ్లనివాళ్లకంటే 31 శాతం తక్కువగా కనిపించింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లినవాళ్లలో కూడా 14 శాతం తక్కువ. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 3,000కు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి, కళలకు ఆరోగ్యంలో పాత్ర ఉందని నివేదిక ఇచ్చింది.

డబ్బూ తీరికా ఉన్నవాళ్లే నాటకాలకు వెళ్తారు, వాళ్లు ఎలాగూ ఎక్కువకాలం బతుకుతారు కదా అని అడగొచ్చు. ఆస్తి, చదువు, అప్పటికే ఉన్న జబ్బులు లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పూర్తిగా పోలేదు. ఇదే కారణమని తేల్చలేమని పరిశోధకులే ఒప్పుకున్నారు, సరే. ముందు ఆసుపత్రుల్లో డాక్టర్లను వేయండి అనేవాళ్లతో నాకు పేచీ లేదు, వేయాల్సిందే. కానీ డాక్టరు వచ్చేదాకా పాట ఆపమని ఎవరు చెప్పారు?

నన్ను అన్నిటికంటే కదిలించేది వేరే ఉంది. పక్షవాతం వచ్చి ఎడమ మెదడులో మాటకు సంబంధించిన భాగం దెబ్బతిన్నవాళ్లలో కొందరు 'నీళ్లు' అని అడగలేరు గానీ చిన్నప్పటి పాటను మాటలతో సహా పాడగలరు. 1973లో బోస్టన్ వైద్యులు దీని ఆధారంగానే, రాగం మీదుగా మాటను వెనక్కి రప్పించే చికిత్స తయారుచేశారు. కదలికలు మందగించే పార్కిన్సన్స్ జబ్బుతో అడుగు పడక నిలబడిపోయినవాళ్లు దరువు వినిపిస్తే కదిలి నడవడం కూడా వైద్యులకు తెలిసిన విషయమే. మా వీధి పెద్దాయనొకరు పక్షవాతం తర్వాత ఆరు నెలలు ఇంట్లో ఎవరితోనూ మాట కలపలేకపోయారు. ఓ శనివారం భజనకు కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొస్తే, పల్లవి రెండోసారి వచ్చేసరికి గొంతు కలిపారు. ఆయన భార్య తాళాలు కింద పెట్టేసి ఏడ్చింది. మర్నాటికి మాటలొచ్చేశాయని నేను చెప్పను, రాలేదు. కానీ ఆ శనివారం నుంచి ఆయన ఒక్క భజన కూడా మానలేదు.

ఇక్కడే నాకు టెన్షన్ పట్టుకుంటుంది. ఆయన పాడింది అరవై ఏళ్ల కిందట తల్లి దగ్గర నేర్చుకున్న తెలుగు పాట. ఇవాళ గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగింటి పిల్లాడికి బడిలో ఒడియా, ఫోన్‌లో హిందీ, ట్యూషన్‌లో ఇంగ్లీషు. ఒడియా మీద నాకు కోపం లేదు, రేపు పొట్ట నింపేది అదే. కానీ 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన దగ్గర్నుంచి ఇక్కడ తెలుగు ఎక్కువగా ఇంట్లోనే బతికింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పంతులుగా పనిచేసిన ఊరే అది! ఇప్పుడు ఇంట్లో కూడా మామ్మ ఒక పాట ఎత్తుకుంటే అందుకునేవాళ్లు లేరు. పెద్దవాళ్ల ఒంటరితనానికి మందులు రాస్తున్నాం, పక్కన కూర్చుని వాళ్ల భాషలో గొంతు కలిపేవాళ్లు లేకపోవడాన్ని మాత్రం జబ్బు కింద లెక్కేయడం లేదు. ఆ పిల్లాడికి డెబ్బై ఏళ్లొచ్చి మాట పడిపోతే, వాడి లోపల నుంచి తేలడానికి ఏ పాట ఉంటుంది?

బ్రిటన్‌లో డాక్టర్లు రోగులను గాయక బృందాలకు, చిత్రకళ తరగతులకు పంపిస్తున్నారు. కెనడాలోని మాంట్రియల్‌లో 2018లో డాక్టర్లు మ్యూజియం చూడమని చీటీ రాయడం మొదలుపెట్టారు. మన దగ్గర కోలాటం గుంపులు, చెక్కభజనలు, రామమందిరాలు ముందే ఉన్నాయి, కొత్తగా కట్టాల్సిన పని లేదు. మున్సిపాలిటీ ఆ భజన గదులకు కరెంటు బిల్లు కట్టాలి, కుర్చీలో వచ్చేవాళ్ల కోసం మెట్ల పక్కన ర్యాంపు వేయాలి, హార్మోనియం బాగుచేయించాలి. తెలుగు సంఘాలు ఏడాదికోసారి ఉగాది నాడు శాలువాలు కప్పే ఖర్చులో సగం తీసి, వారానికి రెండు సాయంత్రాలు పిల్లలను ఆ గదికి పంపేలా చూడాలి. మా వీధి గదిలో ఇప్పటికీ ఒక్క బల్బే ఉంది, ఎనిమిదిన్నరకు కరెంటు పోతే పెద్దాయన్ని ఫోన్ లైటు వెలుతురులో మెట్లు దింపుతున్నాం.