చక్రాలు తిరిగితేనే టీ ట్రాలీ

ఈమధ్య అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళకు వెళితే పాతకాలపు సర్వింగ్ కార్టులు, అంటే కప్పులూ గిన్నెలూ పెట్టి తోసుకొచ్చే చక్రాల ట్రాలీలు, కనిపిస్తున్నాయి. ఎస్టేట్ సేల్‌లో (ఓ ఇంట్లోని పాత సామానంతా అమ్మేసే చోట) ముచ్చటపడి కొన్న ట్రాలీని హాల్లో ఓ మూలకు చేర్చి, మీద పూలకుండీలు, ఫొటోలు సర్దేస్తున్నారు. పాత సామాను మీద మనవాళ్ళకి మనసు పోవడం నాకెంతో సంతోషం. కానీ ట్రాలీని కదలనివ్వకపోతే దాన్ని కొని ఏం లాభం?

ఫిన్లండ్ ఆర్కిటెక్ట్ ఆల్వర్ ఆల్టో 1936లో రూపొందించిన టీ ట్రాలీ 901నే తీసుకోండి. బర్చ్ కలపను పలచటి పొరలుగా అతికించి, వంచి, రెండు పక్కలా రెండు చట్రాలు చేశాడు. ఒక కొసన రెండు పెద్ద చక్రాలు. రెండో కొసన చట్రమే నేలకు ఆనుతుంది. ఆ కొసను కాస్త ఎత్తి తోస్తే బండి కదులుతుంది. నగిషీలేమీ లేవు. చూపు ముందు పడేది ఆ చక్రాల మీదే, అందమంతా అక్కడే. మరుసటి ఏడు వచ్చిన 900 నమూనాకు పైన టైల్స్ పరిచాడు, వేడి గిన్నె దించినా ఫరవాలేదు. ఆర్టెక్ కంపెనీ ఈ రెండింటినీ ఇప్పటికీ తయారుచేస్తోంది.

అంత పేరున్నవి అందరికీ అందవు. మనకు ఎక్కువగా దొరికేవి 1950, 60ల నాటి అమెరికన్ బార్ కార్టులు. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక పెరిగిన మోజు అది. మందు ముట్టని ఇంట్లో అదే బండి మజ్జిగ గ్లాసులు మోస్తుంది, తప్పేముంది?

కొనేముందు నాలుగు బరువులు పెట్టి తోసి చూడండి. చక్రం ఒరిగినా, గాజు అర కదిలినా బేరం ఆపండి. ఇత్తడిదంటే అయస్కాంతం ఆనించండి. అతుక్కుంటే లోపలిది ఇనుము, పైది పూత. బిందెల్ని తోమినట్టు చింతపండు పెట్టి తోమితే ఆ పూత కాస్తా పోతుంది. మెత్తటి తడిగుడ్డ చాలు. నిజం ఇత్తడైనా, ఏళ్ళ తరబడి పట్టిన ముదురు రంగును గీకేయకండి, సేకరించేవాళ్ళు చాలామంది వెతికేది దాన్నే. ఇక రంగు వేసిన రేకు బండి అయితే మరో జాగ్రత్త ఉంది. ఇళ్ళలో వాడే రంగుల్లో సీసం (లెడ్) అనే విషలోహాన్ని ఇక్కడ నిషేధించింది 1978లో. అంతకుముందుది పెచ్చులూడుతుంటే పసిపిల్లలున్న ఇంట్లోకి తేవద్దు.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు కాఫీ తామే తెస్తామని పట్టుబడతారు. కప్పులన్నీ ట్రాలీలో పెట్టి తోసుకురమ్మనండి. దాన్ని ఊతగా మాత్రం పట్టుకోవద్దని చెప్పండి, జారిపోతుంది.