తుమ్మెదకు పెట్టె ఎవరిస్తారు?

ఈ రోజు పొద్దున తొమ్మిదింటికి, సరిగ్గా ఎండ ఎక్కి ఈగలూ తేనెటీగలూ పూత మీద ముసిరే వేళకు, పక్క మామిడి తోటలో మందు కొట్టే డ్రోన్ లేచింది. నిండు పూత! "సాయంత్రం కొట్టించకూడదా అన్నా?" అంటే కాపు గుత్తకు కొన్న పెద్దమనిషి నవ్వాడు. "ఈగలను సెలవు పెట్టమను తమ్ముడూ" అన్నాడు. ఆయనకేం, కాయలు కోసుకుని పోతాడు. చెట్లు ఆయనవా?

మామిడి పూత రసం పీల్చే తేనెమంచు పురుగు వస్తుంది, ఎవరు కాదన్నారు? పూమొగ్గ బయటపడేటప్పుడు కొట్టండి, పిందె బఠాణీ గింజంత అయ్యాక కొట్టండి. పూత విప్పిన ఆ కొద్ది రోజులూ ఈగలను బతకనివ్వండి. పుప్పొడి మోసి పిందె కట్టించే వాటిని చంపడం, తర్వాత పిందె నిలవలేదని ఇంకో సీసా కొనడం! దుకాణదారుకు ఇంతకంటే మంచి పంట ఏముంది?

పైగా ఆ గుత్తదారు మందు ప్యాకెట్ మీద విషం తీవ్రత చెప్పే నీలం త్రికోణం చూపించాడు. ఎర్రది కాదు కదా, భయమెందుకట. మహానుభావా, ఆ రంగు ఎంత మోతాదుకు ఎలుకలు చస్తాయో చూసి వేసింది. తేనెటీగ సంగతి త్రికోణానికి పట్టదు. ఆ ప్యాకెట్‌లోని థయామెథాక్సామ్ అనే పురుగుమందు తలా ఐదు నానోగ్రాములు కడుపులోకి పోతే తేనెటీగల్లో సగం చస్తాయి. గ్రామును వంద కోట్ల వంతులు చేస్తే అందులో ఐదు వంతులు! దీన్నీ, దీని జాతివే అయిన ఇమిడాక్లోప్రిడ్‌నూ, క్లోథియానిడిన్‌నూ ఆరుబయట పొలాల్లో వాడకూడదని ఐరోపా సమాఖ్య 2018లోనే నిషేధించింది. మన ఊళ్లో పాల ప్యాకెట్ దొరకని రోజున కూడా ఈ ప్యాకెట్ దొరుకుతుంది.

ఏమన్నా అంటే తేనెటీగలను పెంచే పెట్టెలు పెట్టండి అంటారు అధికారులు. సబ్సిడీ, శాలువా, ఫొటో. పెట్టెను రాత్రికి రాత్రి మూసి వేరే ఊరికి తరలించవచ్చు, బాగుంది. ఎండుకొమ్మకు బొక్క తొలుచుకుని బతుకుతూ కంది పూల మీద వాలే గండుతుమ్మెదకు పెట్టె ఎవరిస్తారు? కంపలో చిన్న పట్టు పెట్టుకునే చిన్న తేనెటీగ జుంటీగకు? గోడ సందులో ఉండే కుట్టని తేనెటీగ ముసురు ఈగకు? మామిడి పూత మీద ఎక్కువ పని చేసే మామూలు ఈగలకైతే శాలువా ఊసే లేదు. ఈగలూ తుమ్మెదలూ రావడం లేదని మా అమ్మ రోజూ తెల్లవారుజామున గుమ్మడి పాదు దగ్గర కూర్చుని, మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వుకు అద్దుతోంది. అరవై దాటిన మనిషికి తుమ్మెద ఉద్యోగం. జీతం లేదు, పింఛను లేదు.

ఇంత జరిగాక సదస్సు పెట్టి ఒక అధికారి అంటాడు కదా, "రైతుకు అవగాహన లేదు" అని! నాకు మండేది అక్కడే. మందు అప్పుగా ఇచ్చేది దుకాణదారు. ఏ మందు కొట్టాలో చీటీ రాసేది అతనే. పంటకు ధర చెప్పేదీ చాలా ఊళ్లలో అతనే. అప్పున్న రైతు "ఈ మందు వద్దు" అని ఏ నోటితో అంటాడు? 2021లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చినప్పుడు చూశాం కదా, ఒకటి పని చేయకపోతే రెండు, రెండు చాలకపోతే నాలుగు కలిపి కొట్టించారు. పురుగు పోలేదు, బాకీ పోలేదు.

అయ్యా అధికారి గారూ, వచ్చే సదస్సు ఆ దుకాణం అరుగు మీదే పెట్టండి. మైకు నేను తెస్తాను.